పిల్లల కేసుల్లో నిపుణుల ఖర్చు: తల్లిదండ్రుల్లో ఎవరు, ఎంత కట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్యామిలీ కోర్టుకెక్కిన తల్లిదండ్రులు వకీలు ఫీజెంతో మొదటిరోజే కనుక్కుంటారు. డీఎన్ఏ ల్యాబు, పిల్లల సైకాలజిస్టు, ఆస్తి విలువ కట్టే ఇంజినీరు వంటివాళ్ల ఫీజు సంగతి మాత్రం ఆర్డరు వచ్చి, డబ్బు కట్టే గడువు ముంచుకొచ్చాకే గుర్తొస్తుంది. అప్పుడు మొదలైన తగువుకు నాలుగైదు వాయిదాలు పోతాయి. ఆ వాయిదాలన్నీ పిల్లాడి బాల్యంలోంచి పోయేవే. అందుకే పదేపదే వచ్చే సందేహాలను దశలవారీగా ఇక్కడ పెట్టాం. ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో నడిచే పద్ధతి ఇది. విదేశాల్లో ఉన్న తెలుగువారి ప్రశ్నలు చివర్లో ఉన్నాయి.

## కేసు వేయకముందు, పిటిషన్ రాయకముందు

నిపుణుడి ఖర్చు అంటే అందులో ఏమేం వస్తాయి?

చాలామంది రిపోర్టు ఫీజు ఒక్కటే అనుకుంటారు. నిజానికి మూడు రకాల ఖర్చులుంటాయి. మొదటిది పని ఖర్చు: పరీక్ష, ఇంటర్వ్యూలు, రిపోర్టు రాయడం. రెండోది రాకపోకల ఖర్చు: నిపుణుడు పిల్లాడి ఇంటికో స్కూలుకో వెళ్లాల్సివస్తే ప్రయాణం, ఒక్కోసారి బస. మూడోది సాక్ష్యం ఖర్చు: కోర్టుకు వచ్చి బోనులో నిలబడి చెప్పే రోజుకు ఇచ్చే బత్తా, ఆ రోజు ఆయన సమయానికి పారితోషికం. మొదటిది మాత్రమే లెక్కేసుకుని ఆర్డరు తెచ్చుకుంటే మిగతా రెండింటి దగ్గర మళ్లీ పిటిషన్ వేయాల్సి వస్తుంది.

ఇద్దరూ సగం సగం పెట్టుకోవాలని చట్టంలో ఉందా?

లేదు. సగం సగం అనేది అలవాటుగా వినిపించే మాటే. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 26వ ఆర్డరు (అందులోని ఒక అధ్యాయం) 15వ రూలు ప్రకారం కమిషన్ (కోర్టు బయటివారికి అప్పగించే పరిశీలన పని) ఖర్చును కోర్టులో ముందే కట్టమని జడ్జి చెప్పొచ్చు. కట్టాల్సింది కమిషన్ ఎవరు కోరారో వారు, లేదా ఎవరి ప్రయోజనం కోసం వేశారో వారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984లోని 10వ సెక్షన్ వల్ల ఈ కోడ్ ఫ్యామిలీ కోర్టులకూ వర్తిస్తుంది.

ఇందులో పట్టుకోవాల్సిన మాట 'ఎవరి ప్రయోజనం కోసం' అన్నది. పిల్లాడు ఎవరి దగ్గర ఉంటే మంచిదో తేల్చే మానసిక అంచనా ఏ ఒక్కరి ప్రయోజనానికీ కాదు. కాబట్టి అడిగినవారే మొత్తం భరించాలన్న వాదనకు ఆ మాటతోనే జవాబు చెప్పొచ్చు.

మాకు నిజంగా నిపుణుడు కావాలా? వకీలుగారు తప్పదంటున్నారు.

ఏ విషయం తేలాలో ఒక్క వాక్యంలో రాసి ఇమ్మని వకీలుగారిని అడగండి. ఆ వాక్యం రాయలేకపోతే నిపుణుడి అవసరం ఇంకా రాలేదన్నమాట.

కొన్ని సంగతులకు ఖర్చు లేని దారులున్నాయి. స్థలం, ఫ్లాటు విలువకు రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ పత్రం చాలాసార్లు సరిపోతుంది. జీతం తేలడానికి ఆడిటరు అక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16, ఆదాయపన్ను రిటర్నులు కోర్టు ద్వారా తెప్పించొచ్చు. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ వేయాలని సుప్రీంకోర్టు 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో చెప్పింది. పిల్లాడి ఇష్టం తెలుసుకోవడానికి జడ్జిగారు చాంబర్‌లో పిల్లాడితో విడిగా మాట్లాడతారు. ఆలోచించి చెప్పగలిగే వయసొస్తే ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. కోర్టు కౌన్సెలర్ దగ్గర కూర్చోవడానికి నిపుణుడి ఫీజు ఉండదు.

నిపుణుడు తప్పనిసరయ్యేవి కొన్నే. పితృత్వం మీద గట్టి ఆధారాలతో వచ్చిన వివాదం, పిల్లాడిపై వేధింపు జరిగిందన్న ఆరోపణ, తల్లికో తండ్రికో మానసిక జబ్బుందన్న ఆరోపణ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల సంరక్షణ అలాంటివి.

ప్రభుత్వాసుపత్రికి పంపమని అడిగితే ఖర్చు తగ్గుతుందా?

బాగా తగ్గుతుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల వంటిచోట్లకు కోర్టు లేఖ రాసి పంపొచ్చు. వెళ్లేవారి ప్రయాణం, నామమాత్రపు రుసుములు తప్ప పెద్ద ఖర్చుండదు. ఒక ఇబ్బంది ఉంది. రిపోర్టు రావడానికి సమయం పట్టొచ్చు, అదీ పిల్లాడితో నాలుగు సిట్టింగులు కూర్చున్నంత వివరంగా ఉండకపోవచ్చు.

మానసిక జబ్బు ఉందని ఒకరు కాగితం పెట్టి, రెండోవారు కాదన్నారనుకోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 105వ సెక్షన్ ప్రకారం ఆ సంగతి మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు వెళ్లాలి. ఆ దారి వదిలేసి ప్రైవేటు సైకియాట్రిస్టుకు వేలకు వేలు కట్టించమని ఎవరైనా అడిగితే కౌంటర్‌లో (వాళ్ల పిటిషన్‌కు మీరిచ్చే రాతపూర్వక జవాబులో) ఈ సెక్షన్ ఎత్తి చూపండి.

నేనే ఓ సైకాలజిస్టు దగ్గరికి బాబును తీసుకెళ్లి రిపోర్టు తీసుకున్నాను. ఫీజులో సగం మా ఆవిడ ఇవ్వాలా?

అక్కర్లేదు. కోర్టు చెప్పకుండా, అవతలివారికి తెలియకుండా చేయించుకున్న పనికి బిల్లు మీదే. ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ కింద ఆ రిపోర్టును జడ్జి చూడొచ్చుగానీ, ఒక్కరి మాటే విని రాసిన రిపోర్టుకు విలువ తక్కువ. పైగా ఇంకో నిపుణుడిని వేయాల్సివస్తే పిల్లాడు అవే ప్రశ్నలకు మళ్లీ జవాబు చెప్పుకోవాలి. బాబుకు ఇప్పటికే వైద్యం చేస్తున్న డాక్టరునే కేసులో అంచనా వేసే నిపుణుడిగా వాడుకోవడమూ పొరపాటే. రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో (అవతలి వకీలు సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ఆయన నిష్పాక్షికత మీద మొదటి ప్రశ్న పడుతుంది, బాబుకు మంచి డాక్టరూ దూరమవుతారు.

## పిటిషన్, ఆర్డరు దశ

ఖర్చు పంచమని కోర్టును ఎలా అడగాలి?

నిపుణుడిని వేయమని కోరే ఐఏలోనే (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తులోనే) ఖర్చు ప్రార్థన (కోర్టును కోరే విన్నపం) కూడా పెట్టండి. ఖర్చుకు విడిగా ఇంకో ఐఏ వేద్దామనుకుంటే రెండు వాయిదాలు అదనం. శాస్త్రీయ పరీక్షకైతే 26వ ఆర్డరు 10ఏ రూలు, వైద్య లేదా కుటుంబ సంక్షేమ నిపుణుడి సాయానికైతే ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద రాస్తారు.

అఫిడవిట్‌లో నాలుగు సంగతులుండాలి: నిపుణుడు తేల్చాల్సిన ప్రశ్నలు, నిపుణుడి అర్హత, రాతపూర్వక కొటేషన్, ఇద్దరి నెలసరి ఆదాయం. ప్రార్థన ఈ తరహాలో ఉంటే తర్వాత తగువుండదు:

'నిపుణుడి ఫీజు, ప్రయాణం కలిపి రూ. 27,000 మించకుండా నిర్ణయించి, అందులో నాలుగింట మూడు వంతులు రెస్పాండెంటు, ఒక వంతు పిటిషనరు 15 రోజుల్లో కోర్టులో డిపాజిట్ చేయాలని, ఒకరు గడువులో కట్టకపోతే రెండోవారు ఆ వాటా కూడా కట్టి ఈ ఆర్డరు కింద వసూలు చేసుకోవచ్చని, ఈ పంపకం తుది తీర్పులో ఖర్చుల నిర్ణయానికి లోబడి ఉంటుందని ఆదేశించ ప్రార్థన.'

ఇందులో నాలుగు మేకులున్నాయి: గరిష్ఠ మొత్తం, గడువు, కట్టకపోతే ఏమవుతుంది, చివర్లో మళ్లీ సర్దుబాటు. మూడోది లేని ఆర్డర్లే ఎక్కువగా బెడిసికొడతాయి.

కోర్టు ఏ లెక్కన పంచుతుంది? నా జీతం ఆయన జీతంలో సగం కూడా లేదు.

కోర్టులు నాలుగు రకాలుగా చేస్తుంటాయి. అడిగినవారినే ముందు కట్టమంటాయి. సగం సగం అంటాయి. ఆదాయాల నిష్పత్తిలో పంచుతాయి. లేదా ఒకరిని కట్టమని, చివర్లో తేలుస్తామంటాయి. ఆదాయాల నిష్పత్తి కావాలంటే మీరే లెక్క చూపాలి. అంకెలు లేని చోట జడ్జిగారికి సగం సగం అనడమే తేలిక.

ఓ ఉదాహరణ చూడండి. తండ్రి చేతికొచ్చే జీతం 90,000, తల్లిది 45,000. ఫీజు, ప్రయాణం కలిపి 27,000. ఉత్త జీతాల లెక్కన నిష్పత్తి 2:1, అంటే తండ్రికి 18,000, తల్లికి 9,000. కానీ బాబు తల్లి దగ్గరే ఉన్నాడు, భరణం ఇంకా రావడం లేదు, స్కూలు ఫీజు, ఆటో, మందులు కలిపి నెలకు 15,000 ఆమే పెడుతోంది. ఆ మొత్తం తీసేస్తే ఆమె దగ్గర మిగిలేది 30,000. అప్పుడు నిష్పత్తి 3:1. తండ్రి వాటా 20,250, తల్లి వాటా 6,750.

రెండు లెక్కలకీ తేడా 2,250 రూపాయలు. చిన్న మొత్తమే అనిపించొచ్చు. కానీ సాక్ష్యం రోజు ఖర్చుకూ, రెండో రిపోర్టుకూ అదే నిష్పత్తి అడగడానికి ఇది ఆధారమవుతుంది. స్కూలు రసీదులు జత చేయండి. ఇంటి అప్పు కిస్తీలు అడ్డం పెట్టుకుని ఆదాయం తక్కువ చూపితే, ఆ ఇల్లు ఎవరి పేరు మీద ఉందో చూపమని కౌంటర్‌లో అడగండి.

నాకు సొంత సంపాదన లేదు. నా వాటా ఎలా కట్టాలి?

కట్టే స్థితిలో లేనివారి కోసమే చట్టంలో 'కేసు ఖర్చులు' అనే ఏర్పాటుంది. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద భార్యాభర్తల్లో తగినంత ఆదాయం లేనివారు ఎవరైనా మధ్యంతర భరణంతోపాటు కేసు ఖర్చులూ అడగొచ్చు. ప్రత్యేక వివాహ చట్టం 36వ సెక్షన్, క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం 36వ సెక్షన్ కింద భార్య అడగొచ్చు. ఏ మతం వారైనా భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద భరణం అడిగేటప్పుడు మధ్యంతర భరణం, కేసు ఖర్చులు కోరవచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లోగా వీలైనంతవరకు తేల్చాలని కూడా ఈ చట్టాల్లో ఉంది.

జరిగే తప్పేమిటంటే 24వ సెక్షన్ పిటిషన్‌లో 'కేసు ఖర్చులకు 10,000' అని గుండుగుత్తగా రాసేస్తారు. అది వకీలు ఫీజుకే చాలదు. నిపుణుడి వాటాను విడి పద్దుగా చూపించండి.

మహిళలకూ పిల్లలకూ న్యాయసేవల చట్టం, 1987లోని 12వ సెక్షన్ కింద ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇచ్చేటప్పుడు నిపుణుడి ఖర్చు, సాక్షి బత్తా కూడా కావాలని స్పష్టంగా రాయండి. ఫోన్ నంబరు 15100. నిరుపేదగా కేసు వేసేందుకు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్న 33వ ఆర్డరు వేరు. అది కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజులకే, నిపుణుడి ఫీజుకు కాదు.

డీఎన్ఏ పరీక్ష అడిగింది మా ఆయన. ఖర్చులో సగం నేనెందుకు ఇవ్వాలి?

ఇవ్వాల్సిన పనిలేదని గట్టిగా వాదించొచ్చు. చెల్లుబాటయ్యే వివాహం ఉండగా, లేదా అది రద్దయ్యాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డకు భర్తే తండ్రి అని భారతీయ సాక్ష్య అధినియమ్ 116వ సెక్షన్ అంటోంది. పాత చట్టంలో ఇది 112వ సెక్షన్. గర్భం దాల్చే కాలంలో ఇద్దరికీ కలిసే అవకాశమే లేదని చూపితే తప్ప ఆ నిర్ధారణ చెదరదు. దాన్ని చెదరగొట్టాలనుకుంటున్నది ఆయన కాబట్టి ఖర్చూ ఆయనదే కావాలి.

అంతకన్నా ముందు చూడాల్సింది పరీక్ష అవసరమా అన్నది. అడిగిందే తడవుగా పిల్లలకు డీఎన్ఏ పరీక్షకు ఆదేశించకూడదని, ప్రాథమికంగా బలమైన ఆధారం ఉండాలని సుప్రీంకోర్టు 1993 నుంచీ చెబుతోంది, 2023లోనూ అదే చెప్పింది. కాబట్టి కౌంటర్‌లో మొదట పరీక్షే వద్దని రాయండి. ఆ తర్వాత 'ఒకవేళ ఆదేశిస్తే' అని మొదలుపెట్టి ఖర్చు మొత్తం పిటిషనరే ముందుగా డిపాజిట్ చేయాలని అడగండి. ఖర్చు గురించి మాత్రమే కొట్లాడితే పరీక్షకు ఒప్పుకున్నట్టు అర్థం వస్తుంది.

హైదరాబాద్ ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం), రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబులకు ఇలాంటి కేసుల్లో నమూనాలు కోర్టు ద్వారానే పంపాలి. తల్లి, తండ్రి, బిడ్డ, ముగ్గురి నమూనాలకూ ఫీజు కలిపి లెక్కేసుకోండి.

ఇద్దరం ఒకే నిపుణుడికి ఒప్పుకుంటే లాభమేంటి?

ఖర్చు దాదాపు సగమవుతుంది. పిల్లాడు ఒక్కసారే కూర్చుంటాడు. ఈ రెండోదే అసలు లాభం. జాయింట్ మెమోలో (ఇద్దరూ కలిసి కోర్టుకిచ్చే చిన్న రాతపత్రంలో) నిపుణుడి పేరు, అడగాల్సిన ప్రశ్నలు, ఇద్దరి వాటాలు, గడువు, రిపోర్టు నేరుగా కోర్టుకే సీల్డ్ కవర్‌లో రావాలన్న షరతు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ప్రశ్నల దగ్గరే ఏకాభిప్రాయం కుదరకపోతే ఎవరి ప్రశ్నలు వారు రాసి, జడ్జిగారిని ఖరారు చేయమనండి. దానికోసం ఇద్దరు నిపుణులు అక్కర్లేదు.

కొటేషన్‌లో ఏం చూడాలి?

క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు సంఖ్య ఉందో లేదో ముందు చూడండి. అది లేకపోతే కట్టిన డబ్బంతా క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి పది నిమిషాల్లో పోయినట్టే. తర్వాత ఎన్ని సిట్టింగులు, తల్లి తండ్రి ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడతారా, స్కూలుకు వెళ్తారా, పన్ను కలిపిన మొత్తమా, అపాయింట్‌మెంట్ రద్దయితే ఎంత పట్టుకుంటారు, కోర్టుకొచ్చే రోజుకు ఎంత, రిపోర్టు ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవి. ఇవన్నీ మాటగా కాదు, లెటర్‌హెడ్ మీద కావాలి.

## డబ్బు కట్టే దశ

నా వాటా నిపుణుడికే నేరుగా ఫోన్‌పే చేయొచ్చా?

ఆర్డరులో అలా ఉంటే తప్ప చేయకండి. కోర్టులో డిపాజిట్ చేయడమే పద్ధతి. మీ ఖాతా నుంచి నిపుణుడి ఖాతాకు వెళ్లిన డబ్బు స్క్రీన్‌షాట్‌గా తిరిగొచ్చి, 'డబ్బిచ్చి రాయించుకున్న రిపోర్టు' అన్న మాటకు ఆధారమవుతుంది. ల్యాబు డీడీ కావాలంటే డీడీ తీసి మెమోతో కోర్టులో దాఖలు చేయండి. కోర్టే నమూనాలతో కలిపి పంపుతుంది. చలానా, రసీదు, డీడీ జిరాక్సు, మెమో కాపీ ఒకే కవర్‌లో దాచండి. తీర్పు రోజున ఖర్చులు లెక్కకట్టేటప్పుడు మాట కాదు, కాగితమే నిలుస్తుంది.

నా వాటా కట్టేశాను. అవతలివాళ్లు కట్టడం లేదు, రిపోర్టు ఆగిపోయింది. ఏం చేయాలి?

గడువు దాటిన మర్నాడే మెమో వేయండి, వాయిదా కోసం ఆగొద్దు. అందులో మీరు కట్టిన రసీదు జతచేసి మూడు ప్రత్యామ్నాయాలు అడగండి. వాళ్లకు చివరి గడువు ఇవ్వడం ఒకటి. ఆ వాటా మీరే కట్టి, తర్వాత వసూలు చేసుకునే అనుమతి రెండోది. వాళ్లే కోరిన పరీక్షైతే ఆ ఐఏను కొట్టేయమనడం మూడోది.

పిల్లాడి సంగతి తేలడం ముఖ్యమైతే, చేతిలో డబ్బుంటే, రెండో దారే మంచిది. కోపం వస్తుంది, న్యాయమే. అయినా ఆరు నెలలు రిపోర్టు ఆగితే ప్రస్తుత ఏర్పాటే స్థిరపడిపోతుంది. కట్టనివారికి చాలాసార్లు కావాల్సింది అదే. వసూలుకు దారి మూసుకుపోదు: ఫ్యామిలీ కోర్టు ఆర్డర్లను సివిల్ డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చని ఫ్యామిలీ కోర్టుల చట్టంలోని 18వ సెక్షన్ చెబుతోంది, ఈపీ (ఆర్డరు అమలు కోరే ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేయొచ్చు.

నిపుణుడికి నేను ఎక్కువ కట్టాను. ఆ మేరకు ఈ నెల భరణంలో తగ్గించుకోవచ్చా?

వద్దు. భరణం తిండికీ చదువుకీ ఇచ్చేది, నిపుణుడి ఖర్చు వేరే పద్దు. కోర్టు అనుమతి లేకుండా కోసుకుంటే అది భరణం బకాయి కింద లెక్కవుతుంది, మీ మీదే వారెంటు దాకా పోవచ్చు. ఎక్కువ కట్టిన మొత్తం తిరిగి రావాలంటే విడిగా పిటిషన్ వేయండి.

అంచనా రోజున అవతలివాళ్లు బాబును తీసుకురాలేదు. ఆ రోజు ఫీజు నష్టం ఎవరిది?

రానివారిదే కావాలి, కానీ దానంతటదే అలా జరగదు. తేదీ, సమయం ఇద్దరికీ తెలిసినట్టు కాగితం ఉండాలి. అందుకే అపాయింట్‌మెంట్ తేదీని వాయిదా డాకెట్‌లో (ఆ రోజు కోర్టు రాసే నమోదులో) రాయించండి, లేదా అవతలి వకీలుకు మెమో ఇచ్చి సంతకం తీసుకోండి. రాలేదని నిపుణుడు రెండు వాక్యాల లేఖ ఇస్తే అది జతచేసి, వృథా అయిన మొత్తం వాళ్ల నుంచి ఇప్పించమని అడగండి. పిల్లాడికి జ్వరమొస్తే డాక్టరు చీటీతో అదే రోజు తెలియజేయడం రెండోవారి బాధ్యత. పరీక్షకే పదేపదే రాకపోతే, 2003లో శారద వర్సెస్ ధర్మపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, కోర్టు వారికి ప్రతికూలంగా ఊహించవచ్చు.

## రిపోర్టు వచ్చాక

నిపుణుడిని బోనులోకి పిలిపించాలంటే ఎవరు కట్టాలి?

సమన్లు అడిగినవారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ ఆర్డరు 2వ రూలు ప్రకారం ప్రయాణ ఖర్చు, ఒకరోజు హాజరు ఖర్చు సమన్లకు ముందే కోర్టులో కట్టాలి. మామూలు సాక్షికి బత్తాతో సరిపోతుంది. నిపుణుడికైతే సాక్ష్యం చెప్పే సమయానికీ, కేసు కోసం చేసిన పనికీ సబబైన పారితోషికం కూడా కోర్టు నిర్ణయించొచ్చు. కట్టింది చాలకపోతే ఇంకా కట్టమంటుంది. అప్పుడూ కట్టకపోతే సాక్ష్యం తీసుకోకుండానే సాక్షిని పంపేయొచ్చు. ఒక్కరోజులో క్రాస్ పూర్తికాకపోతే రెండో రోజు ఖర్చు మళ్లీ వేరే.

ఖర్చు తగ్గే దారి వీడియో కాన్ఫరెన్స్. వైజాగ్ నిపుణుడు అనంతపురం కోర్టుకు రావాల్సిన కేసులో రెండు రోజుల ప్రయాణం ఒక గంట పనవుతుంది. రిపోర్టును ఇద్దరూ ఒప్పుకుంటే పిలవనే అక్కర్లేదు. ఏ పేరాలతో పేచీ ఉందో ముందే రాసిచ్చి, నిపుణుడి నుంచి రాతపూర్వక వివరణ కోరడం ఇంకా చవక.

రిపోర్టు నాకు వ్యతిరేకంగా వచ్చింది. రెండో నిపుణుడిని వేయించుకుంటే ఖర్చెవరిది?

మొదట మీదే. నచ్చని రిపోర్టు అన్నది కారణం కాదు. ఒకే పేరెంటుతో మాట్లాడి రాశారు, పిల్లాడి వయసుకు సరిపడని పరీక్ష వాడారు, కోర్టు అడిగిన ప్రశ్న వదిలేశారు, ఇలాంటి లోపం చూపించాలి. లోపం నిజమని తేలితే రెండో రిపోర్టు ఖర్చును పంచమని అప్పుడు అడగొచ్చు. పిల్లాడిని రెండోసారి కూర్చోబెట్టకుండా మొదటి నిపుణుడి నోట్సు, స్కోరు షీట్లు మాత్రమే ఇంకొకరు చూసి అభిప్రాయం చెప్పేలా అడగడం మేలు.

వాట్సాప్ చాట్లు, కాల్ రికార్డింగులు పెట్టాలంటే నిపుణుడు కావాలట, నిజమేనా?

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో ఇచ్చే సర్టిఫికెట్‌లో రెండు భాగాలున్నాయి. 'ఏ' భాగం పరికరం మీ ఆధీనంలో ఉందని మీరు నింపేది. 'బీ' భాగం నిపుణుడు నింపేది, ఫైలు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్యతో) సహా. ఈ ఖర్చు ఆ రికార్డు మీద ఆధారపడేవారిదే. వందల చాట్లకు సర్టిఫికెట్ చేయించే బదులు కేసుకు పనికొచ్చే వాటినే ఎంచుకోండి. ఫ్యామిలీ కోర్టుకు 14వ సెక్షన్ కింద సాక్ష్యం నియమాల్లో వెసులుబాటు ఉన్నా, అవతలివారు ఫోర్జరీ అంటారనుకున్న వాటికి సర్టిఫికెట్ ఉండటమే క్షేమం.

## తీర్పు, ఆ తర్వాత

కేసు గెలిస్తే నేను కట్టినదంతా తిరిగొస్తుందా?

సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం ఓడినవారు ఖర్చులివ్వడం సాధారణ నియమం, అలా ఇప్పించకపోతే జడ్జి కారణం రాయాలి. సమన్లు లేకుండా మీరే తీసుకొచ్చిన సాక్షుల ఖర్చును కూడా 20ఏ ఆర్డరు కింద ఇప్పించవచ్చు. ఇది చట్టం మాట.

ఆచరణలో మాత్రం పిల్లల కేసుల తీర్పుల్లో చివరి పంక్తి తరచూ 'ఎవరి ఖర్చులు వారే భరించాలి' అని ఉంటుంది. తల్లిదండ్రుల మధ్య గెలుపోటములు తేల్చడం జడ్జిలకు ఇష్టముండదు. కాబట్టి చివర్లో వసూలు చేసుకుందామనే ధీమాతో మొత్తం మీరే పెట్టుకోకండి. మధ్యలోనే పంపకం ఆర్డరు తెచ్చుకోండి. వాదనల రోజున రసీదులతో ఒక పేజీ ఖర్చుల మెమో కూడా ఇవ్వండి.

ఖర్చు పంపకం ఆర్డరు మీద అప్పీలు చేయొచ్చా?

ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్ మధ్యంతర ఉత్తర్వులపై అప్పీలును మినహాయించింది. రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టులో సివిల్ రివిజన్ (కింది కోర్టు ఆర్డరును సరిచూడమనే పిటిషన్) వేస్తారు. ఐదు, పదివేల తేడా కోసం హైకోర్టుకెళ్తే అయ్యే ఖర్చు అంతకు రెట్టింపవుతుంది. పరిస్థితి మారితే, ఉదాహరణకు ఉద్యోగం పోతే, ఆ ఆధారంతో అదే కోర్టులో మార్పు అడగడం మంచిది.

## విదేశాల్లో ఉన్నవారికి

మేం ఇంగ్లండ్‌లో ఉన్నాం. అక్కడ పద్ధతేంటి?

అక్కడ 2014 నాటి చిల్డ్రన్ అండ్ ఫ్యామిలీస్ చట్టం 13వ సెక్షన్ కింద కోర్టు అనుమతి లేకుండా పిల్లల కేసులో నిపుణుడి సాక్ష్యం పెట్టడానికి వీల్లేదు. కేసు న్యాయంగా తేలడానికి 'అవసరం' అని చూపాలి. వీలైనంతవరకు ఇద్దరికీ కలిపి ఒకే నిపుణుడిని వేస్తారు. కోర్టు వేరేగా చెబితే తప్ప ఆయన ఫీజుకు ఇద్దరూ ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులు. అంటే మీ వాటా మీరు కట్టినా, రెండోవారు ఎగ్గొడితే నిపుణుడు మిగతాది మిమ్మల్నే అడగొచ్చు. అందుకని ఇన్‌స్ట్రక్షన్ లెటర్ (నిపుణుడికి పని అప్పగించే లేఖ) మీద సంతకం పెట్టేముందే వాటాలను ఆర్డరులో రాయించుకోవడం చాలా అవసరం.

కాలిఫోర్నియాలో కస్టడీ ఇవాల్యుయేషన్ (పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చే అంచనా) ఆర్డరయింది. భారం మొత్తం నా మీదే పడుతుందా?

అక్కడ ఫ్యామిలీ కోడ్ 3111, ఎవిడెన్స్ కోడ్ 730 కింద అలాంటి అంచనాకు ఆదేశిస్తారు. ఎవరు ఎంత నిష్పత్తిలో కట్టాలో కోర్టే నిర్ణయిస్తుంది. మీ ఆదాయ వ్యయాల డిక్లరేషన్ తాజాగా ఉండేలా చూసుకోండి. పాత జీతంతో ఉన్న ఫారం ఆధారంగా వాటా వేస్తే సరిచేయించడానికి మళ్లీ మోషన్ వేయాలి. ఇవాల్యుయేటర్లు రిటైనర్ (ముందస్తు డబ్బు) పని మొదలుకాకముందే అడుగుతారు, సాక్ష్యం చెప్పే రోజు ఛార్జీ సాధారణంగా అందులో కలవదు.

అక్కడి రిపోర్టు హైదరాబాద్ కోర్టులో వాడితే ఇక్కడ మళ్లీ ఖర్చవుతుందా?

కొంత అవుతుంది. ప్రైవేటు నిపుణుడి రిపోర్టుకు అక్కడ నోటరీ, అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లడానికి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) చేయించుకోవాలి. అవతలివారు కాదంటే నిపుణుడిని వీడియోలో విచారించాల్సి వస్తుంది. ఆ సమయానికి ఆయన తన దేశం రేటు ప్రకారమే అడుగుతారు, రిపోర్టు మీద ఆధారపడేవారు దాన్ని ముందు కట్టాలి. రెండు దేశాల గంటల తేడా చూసుకుని, మన కోర్టు ఉదయపు సెషన్‌కే స్లాటు అడగండి. అమెరికా పశ్చిమ తీరంలో అది రాత్రి పది, పదకొండు గంటల వేళ అవుతుంది కాబట్టి నిపుణుడు ఆ సమయానికి ఒప్పుకున్నట్టు ఈమెయిల్ తీసుకున్నాకే తేదీ ఖరారు చేయించండి.